ఎలిజబెత్ నీలం కార్డు

మాచర్ల నాపరాళ్ళ గనుల్లో పదహారో ఏట నుంచీ నెత్తిన బండలు మోసిన మనిషి ఎలిజబెత్. అట్లాంటి మనిషి లారీ ఓనరు ఎలా అయిందని కొత్తగా విన్నవాళ్ళు నోరెళ్ళబెడతారు. ఏం, ఎందుకు కాకూడదు? ఏళ్ళ తరబడి చీటీలు కట్టింది. చెవులవీ మెడవీ అమ్మింది. తక్కువ పడిన దానికి ఫైనాన్సు తీసుకుంది. గుంటూరు వెళ్ళి ఒక ముసలి లారీని బేరమాడి తెచ్చుకుంది. మొగుడు నెహెమ్యా అప్పటిదాకా పరాయి బండి తోలేవాడు. "ఇంక మన బండే తోలుకో" అని తాళంచెవి అతని చేతిలో పెట్టి, ముందు అద్దం పైన పసుపు రంగుతో 'యెహోవా యీరే', అంటే దేవుడే సమకూరుస్తాడు, అని రాయించింది. అంతే కథ.

అంతే అయితే నేనిప్పుడు చెప్పుకు రావాల్సిన పనేముంది! ఎనభై నాలుగులో గేరుబాక్సు పోయింది. బండి షెడ్డులో పడుకుంది. బండి పడుకుంటే కిస్తీ ఎక్కడి నుంచి వస్తుంది? వరసగా కొన్ని కిస్తీలు తప్పాయి. ఫైనాన్సు ఇచ్చినవాడు కృపావరం. వాళ్ళ చర్చిలోనే సంఘ పెద్ద, తెల్ల పంచె, చేతికి బంగారు గడియారం. ఒకరోజు పొద్దున్నే నలుగురు మనుషులతో వచ్చి, అప్పుడే బాగై షెడ్డులోంచి బయటికొచ్చిన లారీని బజారంతా చూస్తుండగా లాక్కుపోయాడు. ఎలిజబెత్ ఏడవలేదు, కాళ్ళా వేళ్ళా పడలేదు. మళ్ళీ గనికి పోయి బండలు మోసి, అక్కడా ఇక్కడా తిప్పలు పడి, ఐదు నెలలకు బండిని విడిపించుకుంది. బాకీ పైసాతో సహా తీర్చేసింది. తీర్చిందన్న మాట ఎవరికి గుర్తుంటుంది? బజారుకి గుర్తున్నది లాక్కుపోవడం ఒక్కటే. చెడ్డ పేరు లేదు, అలాగని మంచి పేరూ లేదు. ఆవిడ పేరెత్తితే షావుకార్లు "ఆఁ, ఫరవాలేదు" అనేవారు. ఆ 'ఫరవాలేదు' ఉందే, అది తిట్టు కన్నా అన్యాయం.

ఎనభై ఆరు చివర్లో నరసరావుపేట నుంచి ఒక పని వచ్చింది. అక్కడ నాపరాళ్ళ డిపో నడిపే అబ్దుల్ రహీమ్ కొత్తగా కట్టే పత్తి గోడౌన్లకు బండలు పరిపించే కాంట్రాక్టు పట్టాడు. నాలుగు నెలల పాటు మాచర్ల నుంచి వారానికి మూడు లోడ్లు దింపాలి. కిరాయి నెలకొకసారి, ఒకటో తారీఖున. మధ్యలో బ్రోకర్లు లేరు, కమీషను లేదు. ఎలిజబెత్ వెళ్ళి అడిగింది.

"నీ బండి సంగతి నాకు తెలుసమ్మా, పాతదైనా ఆగదు. నీ మొగుడు తాగడు. అది చాలు నాకు" అన్నాడు రహీమ్. "కానీ ఒక్కటే మాట. డీజిలుకు డబ్బుల్లేవని నా లోడు మధ్య దారిలో ఆగిందనుకో, ఇక్కడ మేస్త్రీలు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. కూలి నేనివ్వాల్సిందే. బంకులో నీకు అప్పు కార్డు ఉందని చూపించు. ఈ నెలాఖరు లోపల చూపిస్తే పని నీదే."

"చూపిస్తా భాయ్" అంది ఎలిజబెత్. లేని కార్డును చూపిస్తానని ఒప్పుకుని వచ్చింది. ధైర్యం చూడండి!

గురజాల రోడ్డులో బాలకోటయ్య బంకు ఉంది. ఎలిజబెత్ లారీ డీజిలు పట్టించుకునేది అక్కడే. పట్టించుకోవడమంటే ఎంత? పది లీటర్లు, మహా అయితే పదిహేను. చేతిలో ఎంతుంటే అంత. బండిలో డీజిలు ఎంతుందో చూపించే ముల్లు ఎప్పుడూ అడుగునే పడుకుని ఉండేది. అది బండి కొన్నప్పుడే చెడిపోయిందని నెహెమ్యా నమ్మకం. పుల్ల పెట్టి టాంకులో ముంచి చూసుకునేవాడు.

"ఏమ్మా ఎలిజబెత్తూ, పది లీటర్లేగా?" అన్నాడు బాలకోటయ్య ఆవిడను చూడగానే.

"డీజిలు కోసం రాలేదు బాబాయ్. కార్డు కోసం వచ్చా."

బాలకోటయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన దగ్గర రెండు రకాల కార్డులు ఉండేవి. రెండూ అట్ట ముక్కలే. మీద లారీ నంబరు, కింద బంకు ముద్ర. నీలం కార్డు ఉన్నవాడు నెలంతా ఎంత కావాలంటే అంత పట్టించుకోవచ్చు. వచ్చే నెల ఐదో తారీఖుకు మొత్తం కట్టేయాలి, పైసా మిగల్చకూడదు. వడ్డీ లేదు. ఐదు దాటితే కార్డు చింపేస్తాడు, మళ్ళీ జన్మలో ఇవ్వడు. ఎర్ర కార్డు అట్లా కాదు. దానికో హద్దు ఉంటుంది. నెలకు కొంత కడితే చాలు, మిగతాది పై నెలకు పోతుంది, కానీ పట్టించిన రోజు నుంచే నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. దానికి ప్రోనోటు రాయాలి, హామీదారు సంతకం పెట్టాలి. ఊళ్ళో సగం లారీలు ఎర్ర కార్డు మీదే తిరిగేవి. నీలం కార్డు పది బళ్ళున్న పెద్ద ఓనర్లకే ఉండేది.

"దాందేముందమ్మా, ఇత్తా" అన్నాడు బాలకోటయ్య. "ఎర్రది ఇప్పుడే రాసిత్తా. హామీకి ఎవర్నన్నా పిలుచుకురా."

"ఎర్రది కాదు. నీలంది."

బంకులో పంపు దగ్గరున్న మనిషి కూడా తలెత్తి చూశాడు. బాలకోటయ్యకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, అంతవరకు మర్యాద తెలిసినవాడు.

"నీకెందుకే తల్లీ నీలంది? ఎర్రదైతే ఒక నెల చేతిలో లేకపోయినా గడిచిపోద్ది."

"గడవటం నాకొద్దు బాబాయ్. నూటికి మూడంటే, నరసరావుపేటలో వచ్చిన గోడౌన్ల పనిలో నాకు మిగిలేదంతా నీ వడ్డీకే చాలదు. నా కిరాయి ఒకటో తారీఖున వచ్చుద్ది. నీకు ఐదున కడతా. మధ్యలో వడ్డీ దేనికి?"

"లెక్క బాగానే ఉంది. కానీ చూడు, ఎర్ర కార్డు ఇచ్చేటప్పుడు నేను మనిషిని నమ్మక్కర్లా. నోటు ఉంది, హామీ ఉంది, వడ్డీ ఉంది. నీలం కార్డుకు నాకు మిగిలేది మనిషే. నీ బండిని లాక్కుపోయినప్పుడు నేను ఇక్కడే కుర్చీలో ఉన్నా."

ఆ మాట ఎలిజబెత్‌కు ఛెళ్ళున తగిలింది. "లాక్కుపోయింది చూశావు. తిరిగి తెచ్చుకున్నది చూళ్ళేదా?" అంది.

బాలకోటయ్య కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. ఆలోచించుకుని నెలాఖరుకు చెప్తా. ఈలోపల బుద్ధిగా ఉండు, ఏ తగాదాలోనూ పడబాక" అన్నాడు.

బుద్ధిగా ఉండమంటే ఉండే మనిషేనా ఎలిజబెత్? సరిగ్గా ఆ ఆదివారమే వాళ్ళ చర్చిలో కోతపండుగ వచ్చి పడింది.

ఆ చర్చి బంకు ఎదురు సందులో ఉంది. కోతపండుగ అంటే ఎవరి కష్టఫలం వాళ్ళు దేవుడికి తెచ్చి ఇవ్వడం. చేలున్నవాళ్ళు మిరపకాయలు, గుమ్మడికాయలు, కందులు తెస్తారు. కోళ్ళు తెచ్చేవాళ్ళు తెస్తారు. గని కూలీలకు పండేదేముంది? వాళ్ళు అందరూ కలిసి ఒక నాపబండ ఎంచి, నున్నగా చేసి, కడిగి, బంతిపూలు పెట్టి మోసుకొస్తారు. ఆరాధన అయ్యాక అన్నిటికీ వేలంపాట. పాడినవాళ్ళు అప్పటికప్పుడు డబ్బు ఇవ్వక్కర్లేదు. నోటు లేదు, సాక్షి లేదు. ఆ నెల చివరి ఆదివారం లోపల కడితే చాలు. కట్టనివాళ్ళ పేర్లు మాత్రం ఆ ఆదివారం పాస్టరుగారు మైకులో చదువుతారు. చర్చి వేపచెట్టుకు కట్టిన హారను గురజాల రోడ్డు దాకా వినపడుతుంది. అందుకని ఎవరూ చేతికి మించి పాడరు, సరదాకి పాతికో యాభయ్యో పాడి కూర్చుంటారు.

బండ వేలానికి వచ్చింది. ఎలిజబెత్ "ముప్పై" అంది. తను మోసిన గనిలోంచి వచ్చిన బండ, ఆ తెచ్చిన ఆడవాళ్ళంతా తనతో గంజి తాగినవాళ్ళు, పాడకపోతే ఎట్లా? ఎవరో "నలభై" అన్నారు. ఆవిడ "యాభై" అంది. అక్కడితో అయిపోవాల్సింది. ముందు వరసలో కూర్చున్న కృపావరం చెయ్యెత్తి, "వంద" అన్నాడు. అని ఊరుకున్నాడా? పక్కవాడితో అన్నట్టుగా అందరికీ వినపడేలా, "లారీ నిలబెట్టుకోలేని వాళ్ళు బండ యాడ పెట్టుకుంటారు లే" అని నవ్వాడు. ఆ నవ్వు మైకులోకి కూడా పోయింది.

నెహెమ్యా ఆడవాళ్ళ వైపు చూసి, వద్దని కళ్ళతోనే బతిమాలాడు. ఎవరు వింటారు?

"నూట యాభై" అంది ఎలిజబెత్.

"రెండొందలు."

"రెండొందల యాభై."

"మూడొందలు" అన్నాడు కృపావరం, కాలు మీద కాలేసుకుని.

ఎలిజబెత్ లేచి నిలబడింది. "ఐదొందల ఒకటి!"

ఆ రోజుల్లో ఐదొందలంటే గనిలో ఒక ఆడకూలీ రెండు నెలల రెక్కల కష్టం. కృపావరం చెయ్యి ఎత్తలేదు. ఆయనకు కావాల్సింది అయిపోయింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. బండ ఎలిజబెత్‌ది.

"ఏమే, పిచ్చా నీకు?" అన్నాడు నెహెమ్యా బయటికి వచ్చాక. అతను పెళ్ళాం మీద గొంతు పెంచడం అదే మొదలు. "బంకాయన బుద్ధిగా ఉండమని చెప్పి వారం గాలేదు. ఐదొందలు యాణ్ణుంచి తెత్తావు?"

"తెత్తా" అంది. ఆ ఒక్క ముక్కే అంది గానీ, ఇంటికి వెళ్ళాక పొయ్యి ముందు కూర్చుని తనని తనే తిట్టుకుంది. రోషం మంచిదే, కానీ ఈసారి రోషానికి ఐదొందలు కట్టింది. కృపావరం గాలం వేశాడు, తను చేపలాగా పోయి పట్టుకుంది. అది ఇప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు బంకుకు వెళితే బాలకోటయ్య ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

"మైకులో విన్నానమ్మా. బండకు ఐదొందలా? మాట పడితే ఒళ్ళు మర్చిపోయే మనిషికి నేను హద్దు లేని కార్డు ఎట్టా ఇచ్చేది? నీలం కార్డు సంగతి మర్చిపో. ఎర్రది తీసుకో. నీకూ నెలాఖరు దగ్గరపడుతుందిగా, ఇప్పుడే రాసిత్తా." ఒక క్షణం ఆగి, "హామీకి కృపావరాన్ని అడుగు. మీ చర్చాయనేగా. ఆయన సంతకం ఉంటే నాకు చాలు" అన్నాడు.

పాపం, బాలకోటయ్య చెడ్డవాడు కాదు, మంచికే చెప్పాడు. కానీ ఆ మాట వింటున్న మనిషి ఎవరు! ఎలిజబెత్‌కు చెప్పలేనంత అవమానం అనిపించింది. ఎర్ర కార్డు తీసుకుంటే రహీమ్ పని దక్కుతుంది, నిజమే. కానీ కృపావరం ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. పని చేసిందంతా వడ్డీకి పోయాలి. మళ్ళీ ఒక గేరుబాక్సు పోతే మళ్ళీ బజారు చూస్తుండగా బండి పోతుంది. తీసుకోకపోతే, నెలాఖరుకు పనీ పోతుంది.

"నెలాఖరు దాకా టైమిచ్చావు బాబాయ్. ఇంకా నెలాఖరు కాలేదు" అంది. పది లీటర్లు పట్టించుకుని, డబ్బులిచ్చి వచ్చేసింది.

ఆ రోజు నుంచి తన లారీకి తనే లోడు ఎత్తడం మొదలుపెట్టింది. మామూలుగా లోడింగుకు నలుగురు కూలీలు కావాలి. ఇద్దరిని మాన్పించి ఆ ఇద్దరి పనీ తన నెత్తికెత్తుకుంది. లారీ ఓనరమ్మ చీర ఎగదోపి, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, బండ మీద బండ మోస్తుంటే గనిలో జనం వింతగా చూశారు. కొందరు నవ్వారు కూడా. "నవ్వుకోండర్రా. నా బండి, నా నెత్తి. మీ సొమ్మేం పోయింది?" అంది. లోడు చేరిన చోట దిగుమతి కూడా తనే చేసింది. ఆ నెలంతా ఏ కిరాయి దొరికితే ఆ కిరాయికి తిరిగారు. బొల్లాపల్లికి ఎరువులు, దుర్గికి ఇసుక. మిగిల్చిన కూలి డబ్బంతా చింత తొక్కు జాడీ వెనక దాచింది. మెడ పట్టేసింది, భుజం మీద తోలు లేచిపోయింది. నెహెమ్యా మొదటి వారం మాట్లాడలేదు. రెండో వారం అతనే లుంగీ ఎగ్గట్టి బండ రెండో కొస పట్టుకున్నాడు.

చివరి ఆదివారానికి ముందు పాస్టరుగారు కబురు చేశారు. వెళితే సంఘ పెద్దలంతా ఉన్నారు, కృపావరం కూడా.

"ఐదొందలు ఒక్కసారే కట్టడం కష్టం గదమ్మా" అన్నాడు కృపావరం, ఎంతో జాలిగా. "మేమంతా అనుకున్నాం. నెలకింత అని వాయిదాలు పెట్టుకో. ఎవరూ ఏమీ అనుకోరు."

ఎలిజబెత్ ఆయన వైపు చూడనైనా చూడలేదు. పాస్టరుగారి ముందు డబ్బు మూట పెట్టింది. రూపాయలు, రెండు రూపాయలు, ఐదులు, చెమట వాసన కొడుతున్న నోట్లు. "ఐదొందల ఒకటి ఉన్నాయి అయ్యగారూ. ఆ రోజు నోటితో ఎంతన్నానో అంతే. వాయిదాల మాట నేనెప్పుడన్నాను?"

కృపావరం గడియారం చూసుకున్నాడు. ఇంకేం చూసుకుంటాడు!

ఆదివారం ఆరాధన చివర పాస్టరుగారు కట్టనివాళ్ళ పేర్లు చదివారు. నలుగురో ఐదుగురో ఉన్నారు. ఎలిజబెత్ పేరు లేదు. చర్చిలో ఆవిడ తల వంచుకుని కూర్చుంది. రోడ్డవతల బంకులో బాలకోటయ్య మాత్రం పంపు ఆపించి మరీ, చెవి ఒగ్గి కూర్చున్నాడట. తర్వాత పంపు దగ్గర మనిషే ఊరంతా చెప్పాడు ఆ సంగతి.

సోమవారం, అంటే నెలలో చివరి రోజు, ఎలిజబెత్ బంకుకు వెళ్ళింది. వెంట నెహెమ్యాను కూడా రమ్మంది. ఉతికిన చొక్కా వేయించింది. హామీ అడిగితే కనీసం మొగుడి సంతకమైనా ఉంటుందని. బాలకోటయ్య నీలం కార్డు ఇస్తాడన్న ఆశ పెద్దగా లేదు. ఇవ్వకపోతే ఎర్ర కార్డు అడగకుండా వెనక్కి వచ్చేయాలని మాత్రం దారిలోనే గట్టిగా అనుకుంది.

బాలకోటయ్య సొరుగు లాగి ఒక అట్ట బయటికి తీశాడు. నీలం అట్ట.

"రాత్రంతా ఆలోచించానమ్మా" అన్నాడు. "ఆ వేలంపాటకు నోటుందా? లేదు. హామీ ఉందా? లేదు. వడ్డీ ఉందా? అదీ లేదు. నోటి మాట, ఒక తారీఖు, మొత్తం ఒక్కసారే. అచ్చం నా నీలం కార్డే గదా! దాంట్లో నువ్వు తప్పలేదు. వాయిదాలిత్తామన్నా తీసుకోలేదంటగా. నోరు జారావు, ఒప్పుకుంటా. కానీ జారిన మాటని నెత్తిన పెట్టుకు మోశావు. ఇంకెవరికిత్తా ఈ కార్డు?"

బాలకోటయ్య కలం తీశాడు. "పేరు... నెహెమ్యా అనేగా రాసేది?"

"కాదు బాబాయ్. నా పేరు రాయి."

నెహెమ్యా కూడా, "ఆవిడ పేరే రాయండి. బండి ఆవిడది" అన్నాడు.

ఎలిజబెత్ అని రాసి, లారీ నంబరు వేసి, ముద్ర కొట్టాడు బాలకోటయ్య. నెహెమ్యా చొక్కా జేబులోంచి కలం తీసుకుని ముందుకొచ్చాడు, సంతకం ఎక్కడ పెట్టాలని.

"నీ సంతకం ఎందుకయ్యా?" అన్నాడు బాలకోటయ్య. "దీనికి హామీదారు ఉండడు. ఆమె ఒక్కత్తే చాలు."

బండిని లాక్కుపోయిన రోజు ఏడవని మనిషి, ఐదు నెలలు బండలు మోసినప్పుడు ఏడవని మనిషి, అక్కడ అందరి ముందూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడిస్తే ఏం? గొప్పగా ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, పంపు మనిషి వైపు తిరిగి, "అబ్బాయ్, టాంకు నిండా కొట్టు. పొద్దుగూకే లోపల నరసరావుపేట పోయి రహీమ్ భాయ్‌కు కార్డు చూపించాలి" అంది.

పంపు తిరుగుతూనే ఉంది. పది లీటర్లు దాటింది, ఇరవై దాటింది, ఇంకా పడుతూనే ఉంది. నెహెమ్యా ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. ఒక్కసారిగా కేక పెట్టాడు.

"ఏమే, ఇటు రా! ఇటు చూడు!"

ఎలిజబెత్ మెట్టెక్కి లోపలికి తొంగి చూసింది. ఇన్నేళ్ళూ చెడిపోయిందనుకున్న డీజిల్ ముల్లు అడుగు నుంచి లేచి, మెల్లగా సగం దాటి, ఆ చివరకు పోయి ఆగింది.